పాటతో పాటు బీరువా కూడా మోగుతుంటే

మా ఇల్లు కాజీపేటలో, రైలు పట్టాలకు బాగా దగ్గర. గూడ్సు బండి పోతుంటే వంటింట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగుతాయి. చిన్నప్పటి నుంచి విన్న మోత కాబట్టి మా చెవికి అది ఆనదు. కానీ నేను సబ్‌వూఫర్, అంటే లోతైన స్వరాలకు (బాస్) వాడే పెద్ద స్పీకరు, కొన్న రోజు అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఈ టైముకు ఏం బండిరా?" అని అడిగింది. బండి కాదు, పాట. ముందు గదిలో డోలు దెబ్బ పడితే వంటింట్లో గ్లాసులు తాళం వేస్తున్నాయి.

అప్పుడు నేను చేసింది అందరూ చేసేదే. విదేశీ వీడియోలు చూసి, స్పీకర్ల కింద పెట్టే మొనదేలిన ఇత్తడి స్పైకులు తెప్పించాను. గ్లాసులు ఎప్పటిలాగే మోగాయి, రెండు టైల్స్ మాత్రం పగిలాయి. ఆ వీడియోల్లో వాళ్ల నేల చెక్కది, దాని మీద కార్పెట్. కార్పెట్‌ను దాటి కింది చెక్కను గట్టిగా పట్టుకోవడానికి వాళ్లకు మొన కావాలి. మనది కాంక్రీటు స్లాబు, పైన టైల్సో షాబాద్ బండలో. కాబట్టి అదురు తగ్గించడానికి ఇక్కడ చెప్పేదంతా మన నేలకు, మన ఎండలకు, హనుమకొండ చౌరస్తాలో తిరిగితే దొరికే సరుకుకు సరిపోయే పద్ధతి.

ముందు ఏది అదురుతోందో పట్టుకోండి

అదురు అని ఒకే మాట వాడతాం గానీ అందులో మూడు రకాలున్నాయి. వదులుగా ఉన్న వస్తువు గలగలమనడం ఒకటి. బీరువా తలుపు, ఫోటో ఫ్రేము, కిటికీ అద్దం ఈ బాపతు. దీనికి బిగించడమే మందు. స్పీకరులో పుట్టిన అదురు నేలలోకి పాకి ఇంకో గదిలో తేలడం రెండోది. మధ్యలో మెత్తటిది పెట్టి ఆ దారిని తెంచాలి. మూడోది, స్పీకరు డబ్బా గోడలు తామే అదరడం. ఆ చెక్కకో రేకుకో అదురును మింగే పదార్థం అంటించాలి. డ్యాంపింగ్ అంటే అసలు ఈ మూడోదే. పదార్థం లోపలి రాపిడిలో కదలిక కాస్త వేడిగా మారి పోతుంది. షాపులో మాత్రం మూడింటికీ ఒకే నల్ల రబ్బరు ముక్క చేతిలో పెడతారు. నా డబ్బు అలాగే పోయింది.

పట్టుకోవడానికి ఫోన్ చాలు. ఒకే స్వరాన్ని మోగించే టోన్ జనరేటర్ యాప్ ఏదైనా దించుకుని, ఫోన్‌ను ఆంప్లిఫయర్‌కు కలపండి. వాల్యూమ్ మామూలుగా పాట వినేదానికంటే తక్కువ పెట్టండి. లోతైన స్వరాన్ని ఎడతెరిపి లేకుండా పెద్దగా మోగిస్తే చిన్న స్పీకర్ల కాయిల్ కాలిపోతుంది. 30 హెర్ట్జ్ (సెకనుకు 30 అదురులు) దగ్గర మొదలుపెట్టి 200 వరకు మెల్లగా పెంచుకుంటూ పోండి. ఏదో ఒక చోట గదిలో ఏదో ఒకటి మాట్లాడుతుంది. అక్కడ ఆపి, శబ్దం వచ్చే వైపు నడిచి, ఒక్కో వస్తువు మీద అరచెయ్యి ఆనించండి. చెయ్యి పెట్టగానే మోత ఆగితే దొంగ దొరికినట్టే. కాగితం మీద ఆ అంకె, ఆ వస్తువు పేరు రాసుకోండి. మా గదిలో 63 దగ్గర ఫ్యాను పైకప్పు గిన్నె, 80 దాటాక తాత ఫోటో, 110 దగ్గర బీరువా అద్దం బయటపడ్డాయి. సబ్‌వూఫర్ డబ్బా చెడిపోయిందని నేను అనుకుంటున్న టకటక నిజానికి స్విచ్‌బోర్డు మూతది.

చెయ్యి అందని చోట మోటారు మెకానిక్ పద్ధతి వాడండి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను డబ్బాకు, పిడిని చెవి పక్క ఎముకకు ఆనిస్తే లోపలి అదురు స్పష్టంగా వినిపిస్తుంది.

ఖర్చు లేని పనులు

జాబితా చేతిలోకి వచ్చాక ముందు స్క్రూడ్రైవర్ పట్టండి. ఫ్యాను గిన్నె, స్విచ్‌బోర్డు, ట్యూబ్‌లైట్ పట్టీ, కర్టెన్ రాడ్డు బిగించండి. ఫోటో ఫ్రేముల వెనక కింది రెండు మూలల్లో ఫెల్ట్ బిళ్లలు అంటించండి. పాత చెక్క కిటికీల్లో అద్దం చుట్టూ లప్పం ఎండి రాలిపోయి ఉంటుంది, కొత్తది పెట్టాలి. బీరువా తలుపు మూసుకునే చోట సన్నటి ఫోమ్ టేపు ఒక వరుస వేస్తే సరిపోతుంది.

తర్వాత స్పీకరు సంగతి. ముందున్న స్క్రూలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. కారు చక్రానికి నట్లు బిగించే వరుసే. మన డబ్బాలు చాలామటుకు పార్టికల్ బోర్డువి, ఒక చుట్టు ఎక్కువ తిప్పితే రంధ్రం పొడైపోతుంది. అప్పటికే వదులైన రంధ్రంలో ఫెవికాల్ ముంచిన అగ్గిపుల్ల కుక్కి, పూర్తిగా ఆరాక మళ్లీ స్క్రూ ఎక్కించండి. స్క్రూడ్రైవర్ పట్టేటప్పుడు కోన్ (స్పీకరు ముందుండే పలచటి పొర) మీద అట్టముక్క అడ్డం పెట్టండి. వెనకున్న అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ను లాగి కోన్‌లో పొడిచిన సంఘటన నా దగ్గరే జరిగింది.

ఇంకో ఉచిత వైద్యం, జరపడం. సబ్‌వూఫర్‌ను గది మూలలో ఇరికిస్తే బాస్ పెరుగుతుంది, ఇల్లంతా అదురుతుంది. రెండు అడుగులు ముందుకు జరిపి, ఆ మేరకు బాస్ సరిచేసుకుంటే సగం జాబితా మాయమవుతుంది. జరిపే ముందు కింది బండను పిడికిలితో కొట్టి చూడండి. పాత ఇళ్లలో షాబాద్ బండల కింద సున్నం ఖాళీ అయి, కొన్ని బోలుగా మోగుతాయి. అలాంటి బండ మీద సబ్‌వూఫర్ పెడితే డప్పు మీద పెట్టినట్టే.

నేలకూ స్పీకరుకూ మధ్య మెత్తన

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. రబ్బరు ముక్క మెత్తగా ఉంటే చాలదు, మీ స్పీకరు బరువుకు తగినంత మెత్తగా ఉండాలి. రబ్బరు మీద పెట్టిన బరువు స్ప్రింగు మీద పెట్టిన బరువు లాంటిది. దానికి తనదైన ఊగే వేగం ఒకటుంటుంది. ఆ వేగానికి దాదాపు 1.4 రెట్లు దాటిన అదురునే అది ఆపగలదు. సరిగ్గా ఆ వేగం దగ్గర అదురు పెరుగుతుంది, ఆపడం మాట దేవుడెరుగు.

ఊగే వేగాన్ని ఇంట్లో లెక్క కట్టొచ్చు. బరువు పెట్టాక రబ్బరు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూసి, ఆ అంకె వర్గమూలంతో 16ను భాగించండి. 1 మిల్లీమీటరు దిగితే 16 హెర్ట్జ్. 4 మిల్లీమీటర్లు దిగితే 8 హెర్ట్జ్. గట్టి రబ్బరు పెట్టి అది పదో వంతు మిల్లీమీటరే దిగితే 50 హెర్ట్జ్. అంటే డోలు మోగే చోటే మీ రబ్బరు కూడా ఊగుతోందన్నమాట. "ప్యాడ్లు వేశాక ఇంకా ఎక్కువైంది" అనేవాళ్ల ఇంట్లో జరిగేది ఇదే. రబ్బరు అదురుతున్నప్పుడు కొంచెం బిగుసుకుంటుంది కాబట్టి అసలు వేగం లెక్కకంటే కాస్త పైనే ఉంటుంది. అయినా ఒక మిల్లీమీటరు దిగితే 40 హెర్ట్జ్ అదురు నాలుగైదో వంతుకు తగ్గుతుంది. మన పనికి అది చాలు.

ఇలా చేయండి. 10 లేదా 12 మిల్లీమీటర్ల మందం ఉన్న మెత్తటి రబ్బరు షీటు తీసుకోండి. పంపుసెట్ల సామాను అమ్మే షాపుల్లో గ్యాస్కెట్‌కు అడిగితే కోసి ఇస్తారు, కానీ వాళ్ల దగ్గర ఎక్కువగా గట్టి రకమే ఉంటుంది. గోరు నొక్కితే సులువుగా లోపలికి పోయేది ఎంచుకోండి. వాషింగ్ మెషిన్ కింద పెట్టే ప్యాడ్లు ఆ బరువుకు చేసినవి, పది కిలోల సబ్‌వూఫర్ కింద అవి రాయితో సమానం. షీటులోంచి 4 సెంటీమీటర్ల చదరపు ముక్కలు నాలుగు కోయండి. సబ్‌వూఫర్‌ను వాటి మీద పెట్టి, ఒక రోజు వదిలేసి, స్కేలుతో ఎత్తు కొలవండి. 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు దిగితే సరి. దిగకపోతే ముక్కలను చిన్నవి చేయండి, అంతే బరువు తక్కువ రబ్బరు మీద పడి ఎక్కువ దిగుతుంది. మందంలో పావు వంతుకు మించి దిగి, పక్కలకు ఉబ్బితే పెద్ద ముక్కలు వేయండి. బరువు అన్ని మూలలా సమానంగా ఉండదు, స్పీకరు ఉన్న వైపు ఎక్కువ దిగుతుంది. ఆ వైపు ముక్కలను పెద్దవి చేసి డబ్బాను సమం చేసుకోవాలి.

నల్ల రబ్బరు కొన్నాళ్లకు టైల్స్ మీద, పాలిష్ చెక్క మీద మరక దించుతుంది. అడుగున సన్నటి ఫెల్ట్ ముక్క వేస్తే ఆ గొడవ ఉండదు. యోగా మ్యాట్ ముక్కలు మొదటి నెల బాగుంటాయి, తర్వాత నలిగి అప్పడంలా అవుతాయి. పసుపుపచ్చ స్పాంజి ఫోమ్ అయితే మన ఎండకూ వాన తేమకూ కొన్నేళ్లలో జిగట పొడిగా రాలిపోతుంది.

కొత్తవాడ దర్రీ, అదే జంపఖానా, మడిచి వేస్తే సరిపోదా అని మా బావ అడిగాడు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మా ఇంట్లోనూ రెండున్నాయి. స్పీకర్ల ముందు నేల మీద పరిస్తే గదిలో ప్రతిధ్వని తగ్గి గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. స్పీకరు కింద వేస్తే మాత్రం గీతలు పడకుండా కాపాడుతుంది, అంతే. బిగుతుగా నేసిన నూలు బరువు కింద గట్టిపడిపోతుంది, దానిలో స్ప్రింగు లేదు.

డబ్బా తనే మోగుతుంటే

స్పీకరు డబ్బా పక్క గోడ మధ్యలో వేలి కణుపుతో కొట్టండి. "టక్" అని పొట్టిగా ఆగితే ఆ డబ్బాను ముట్టుకోకండి. "బోంయ్" అని సాగితే పని ఉంది.

దీనికి కార్ల డోర్లలో అంటించే బ్యుటైల్ (జిగట రబ్బరు) షీటు సరైన సరుకు. కార్ డెకార్ షాపులో డ్యాంపింగ్ షీటు అంటే ఇస్తారు. ఒక వైపు అల్యూమినియం రేకు, ఇంకో వైపు జిగురు బ్యుటైల్, మందం సుమారు 2 మిల్లీమీటర్లు. చెక్క వంగినప్పుడల్లా బ్యుటైల్ చెక్కకూ రేకుకూ మధ్య నలుగుతుంది, ఆ నలుగుడులోనే అదురు అరిగిపోతుంది. రేకు లేని షీటు అంత పని చేయదు. చవకగా వస్తుందని తారు షీటు కొనకండి. మేలో మన దగ్గర 45 డిగ్రీల దాకా పోతుంది, డాబా మీది గదిలో తారు మెత్తబడి జారి, ఇల్లంతా రోడ్డు వేస్తున్నట్టు వాసన కొడుతుంది.

ఆంప్లిఫయర్ కరెంటు తీసేయండి. సబ్‌వూఫర్ లోపలే ఆంప్లిఫయర్ ఉంటే ప్లగ్గు పీకిన తర్వాత కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. ఆ రకాన్ని తెలిసిన మెకానిక్‌తోనే విప్పించండి. మామూలు స్పీకరైతే డ్రైవర్ (డబ్బాలో బిగించిన అసలు స్పీకరు) స్క్రూలు విప్పి, ఏ వైరు ఎక్కడుందో ఫోన్‌లో ఫోటో తీసుకుని, వైర్లు తప్పించండి. లోపలి గోడను పొడి గుడ్డతో, తర్వాత స్పిరిట్‌తో తుడవండి. రంపపు పొట్టు మీద ఏ జిగురూ నిలవదు. షీటును గోడ మధ్య భాగంలో, మొత్తం వైశాల్యంలో మూడో వంతుకు సరిపడా అంటించండి. అంచుల దగ్గర చెక్క ఎలాగూ అదరదు, అక్కడ వేసింది వృథా. గరిటె వెనక భాగంతో గట్టిగా రుద్దుతూ గాలి బుడగలు తీసేయండి. మళ్లీ కొట్టి చూడండి. ఇంకా సాగుతుంటే పక్క గోడల మధ్య అడ్డంగా ఒక చెక్క బద్దను బిగువుగా కోసి, రెండు చివర్లా ఫెవికాల్ పెట్టి ఇరికించండి. పలచటి డబ్బాలకు షీటుకంటే ఈ బద్దే ఎక్కువ మేలు చేస్తుంది.

లోపల దూది కుక్కడం వేరే సంగతి. ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊళ్లో దూదికి కరువు లేదు కాబట్టి మన వాళ్లంతా అదే చేస్తారు. దూది డబ్బా లోపలి గాలిలో తిరిగే శబ్దాన్ని పీలుస్తుంది, గోడ అదురును ఆపదు. పైగా వానాకాలంలో తేమ పట్టి ఉండలు కడుతుంది, పురుగు చేరుతుంది. దిండ్లలో నింపే పాలిస్టర్ ఫైబర్ మేలు. గాలి రంధ్రం ఉన్న స్పీకరైతే ఆ గొట్టం వెనక ఖాళీ వదలాలి.

సందుల్లో సిలికాన్ పెట్టాల్సి వస్తే వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు. ఆ ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ రకం అడగండి.

స్పీకర్లు స్టాండ్ల మీద ఉంటే ఇసుకను మించింది లేదు. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడిని, హనుమకొండ వేయిస్తంభాల గుడిని కాకతీయులు ఇసుక నింపిన పునాది మీద నిలబెట్టారు. వాళ్ల లెక్క గుడి బరువు, భూమి కదలిక. మన లెక్క రేణువుకు రేణువు రాసుకుని గొట్టం మోతను మింగడం. వెల్డింగ్ షాపులో చదరపు పైపుతో చేయించిన స్టాండు కొడితే గంటలా మోగుతుంది. ఇసుకను కడిగి, డాబా మీద రెండు రోజులు ఎండబెట్టి, జల్లెడ పట్టి, పైపులో మూడింట రెండు వంతులు పోయండి. తడి ఇసుక పోస్తే లోపల తుప్పు మొదలవుతుంది. అడుగు సందు ముందే మూసేయడం మరిచిపోకండి. నేను మరిచిపోయాను, నెల రోజులు అమ్మ ఇసుక ఊడ్చింది.

రికార్డు ప్లేయరు ఉన్నవాళ్లకు

ఇది వేరే జాతి. స్పీకరు అదురును పుట్టిస్తుంది, రికార్డు ప్లేయరు ముల్లు దాన్ని వింటుంది. గీతలోని పాటకూ నేల అదురుకూ దానికి తేడా తెలీదు.

పరీక్ష ఇలా: మోటారు ఆపి, తిరగని రికార్డు మీద ముల్లు దించండి. వాల్యూమ్‌ను సున్నా నుంచి మెల్లగా మీరు వినే స్థాయి వరకు పెంచండి. బల్లను వేలితో తట్టండి. స్పీకర్లలో "ధబ్" అని వినిపిస్తే బల్ల అదురు ముల్లుకు చేరుతోంది. తట్టకుండానే గుంయ్ అని పెరుగుతూ పోతే వెంటనే వాల్యూమ్ తగ్గించండి, స్పీకరు అదురు ముల్లులోకి, ముల్లు నుంచి మళ్లీ స్పీకరులోకి చుట్టు తిరుగుతోంది. స్పీకర్లు, ప్లేయరు ఒకే బల్ల మీద ఉంటే ఏ ప్యాడూ పూర్తిగా కాపాడదు, ముందు వాటిని విడదీయండి.

ఎండాకాలం కూలర్ కూడా లెక్కలోకి వస్తుంది. ఇనుప స్టాండు మీద ఊగే కూలర్ రొద నేల పట్టుకుని వస్తుంది. కూలర్ కాళ్ల కిందే రబ్బరు వేయడం తేలిక.

మా ఇంట్లో మొదట గోడకు ఎల్ యాంగిళ్లు కొట్టించి, అర మీద ప్లేయరు పెట్టాను. పిల్లలు గెంతినా ముల్లు కదలడం ఆగింది. రైలు అదురు మాత్రం ఆగలేదు, ఎందుకంటే రైలు పోతే గోడ కూడా కదులుతుంది. చివరికి పనిచేసింది పిల్లల సైకిలు ట్యూబు. 12 అంగుళాల ట్యూబును ప్లైవుడ్ ముక్క మీద పెట్టి, సగానికంటే తక్కువ గాలి కొట్టి, పైన గ్రానైట్ పలక పెట్టాలి. కరీంనగర్ గ్రానైట్ వంటింటి గట్లు చేసేవాళ్ల దగ్గర ముక్కలు మిగులుతాయి. 45 సెంటీమీటర్లు పొడవు, 40 వెడల్పు, 2 మందం ఉన్న పలక దాదాపు 10 కిలోలు తూగుతుంది. ఆ బరువు వల్ల ట్యూబు మీద ఊగే వేగం బాగా కిందికి దిగుతుంది. ముల్లును మోసే కడ్డీకి (టోన్‌ఆర్మ్) కూడా తనదైన ఊగు ఉంటుంది, మామూలుగా 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య. కింది పీఠం ఆ వేగానికి దూరంగా, ఇంకా నెమ్మదిగా ఊగాలి. ట్యూబు సరిగ్గా అదే చేస్తుంది.

గ్రానైట్ ఒట్టిగా ఉంటే ఖంగుమంటుంది, అడుగున మిగిలిన బ్యుటైల్ షీటు అంటించండి. మేస్త్రీ రసమట్టం అడిగి తెచ్చి, పలక రెండు దిక్కులా సమంగా ఉందో చూసుకోండి. ప్లేయరును ట్యూబు నడిమధ్యలో కాక, బరువు సరితూగే చోట పెట్టాలి. వాల్వు బయటికి ఉండేలా చూడండి, రెండు వారాలకోసారి గాలి కొట్టాల్సి ఉంటుంది. గోడ అర మీద ఇదంతా పెట్టకండి. కింద గట్టి బల్ల కావాలి.

ఆంప్లిఫయర్ జుయ్ మంటుంటే

మన కరెంటు 50 హెర్ట్జ్, ఆంప్లిఫయర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ దాని రెట్టింపు 100 దగ్గర సన్నగా మోగుతుంది. పైమూత మీద చెయ్యి నొక్కండి. మోత ఆగితే మూత రేకుది, అంచు కింద ఫెల్ట్ పట్టీ పెట్టి స్క్రూ బిగిస్తే పోతుంది. గాలి రంధ్రాల మీద, హీట్‌సింక్ (వేడిని వదిలే లోహపు రెక్కలు) మీద ఏదీ అంటించకండి. నొక్కినా ఆగకపోతే ట్రాన్స్‌ఫార్మర్ బోల్టు కింద రబ్బరు వాషర్ వేయించాలి, అది మెకానిక్ పని. జుయ్ అనేది స్పీకర్లలోంచి వస్తుంటే అది ఎర్తింగు, వైరింగు తంటా. రబ్బరుతో తీరదు.

సీడీ ప్లేయరు కింద, ఫోన్ నుంచి పాట పంపే చిన్న డబ్బా కింద, వైర్ల కింద పెట్టడానికి ఖరీదైన బుడిపెలు అమ్ముతారు. నేను వాడాను. కళ్లు మూసుకుని కూర్చుని మా తమ్ముడితో పెట్టించి, తీయించి విన్నాను. పదిసార్లలో ఏది ఎప్పుడో చెప్పలేకపోయాను. వాల్వు ఆంప్లిఫయర్ అయితే సంగతి వేరు. గాజు వాల్వును పెన్సిలుతో మెల్లగా తడితే స్పీకర్లలో గంట వినిపించే రకాలుంటాయి, వాటి కింద మెత్తటి రబ్బరు దండగ కాదు.

అంతా అయ్యాక మొదట రాసుకున్న కాగితం తీసి, అదే వాల్యూమ్‌లో 30 నుంచి 200 వరకు మళ్లీ ఒకసారి నడిపించండి. ఈసారి ఒకర్ని కింది వాటాలోకి కూడా పంపండి. మా కింది వాటా వాళ్లు ఇప్పుడు పాట వినిపిస్తోందనే అంటారు, కానీ ఫ్రిజ్ మీది సీసాలు కదలడం లేదట. వంటింట్లో గ్లాసులు మాత్రం గూడ్సు బండికి ఇంకా మోగుతూనే ఉన్నాయి. వినాయక నిమజ్జనం రోజు వీధిలోకి డీజే వచ్చినా మోగుతాయి.